వెబ్ నిర్మాణ వేదికల ఆదరణ – పి.హెచ్.పి., వర్డ్‌ప్రెస్‌ల చారిత్రక పరిశీలన

వెబ్‌సైట్ల నిర్మాణానికి ఉపకరించే భాషలు, వేదికలు గత మూడు దశాబ్దాలలో అనేకం వచ్చాయి. వాటికి లభించిన ఆదరణకూ సాంకేతిక గుణానికీ మధ్య సూటి సంబంధం మాత్రం కనిపించదు. క్రమబద్ధత లోపించిందని, ప్రమేయాల పేర్లలో పొందిక లేదని నిపుణులు తరచుగా తప్పుపట్టిన పి.హెచ్.పి. భాషే నేటికీ సర్వరు వైపు అత్యధిక వెబ్‌సైట్లకు ఆధారంగా ఉంది. ఈ వైరుధ్యానికి కారణాలను ఆ భాష నిర్మాణంలో కంటే, అది నడిచిన ఆర్థిక వాతావరణంలో వెతకడం సమంజసం.

1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ వెబ్ సాంకేతికతను అందరికీ ఉచితంగా విడుదల చేసింది. అదే సంవత్సరం రూపొందిన సి.జి.ఐ. పద్ధతి ద్వారా, పాఠకుడు అడిగినప్పుడు అప్పటికప్పుడు పుటను తయారుచేసి పంపడం సాధ్యమైంది. ఈ పనికి ఎక్కువగా పెర్ల్ భాషను వాడేవారు. అయితే పాఠకుడు పుటను కోరిన ప్రతిసారీ సర్వరు ఆ ప్రోగ్రామును మొదటి నుంచి ప్రారంభించవలసి వచ్చేది. వచ్చిన ప్రతి అతిథికీ కొత్తగా పొయ్యి వెలిగించినట్లుండేది ఆ పద్ధతి.

రాస్మస్ లెర్డార్ఫ్ తన వెబ్ పుటను ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోవడానికి 1994లో కొన్ని చిన్న ప్రోగ్రాములు రాసుకున్నాడు. 1995 జూన్ 8న వాటిని బహిరంగంగా విడుదల చేశాడు. ఒక భాషను సృష్టించాలన్న సంకల్పం అప్పటికి ఆయనకు లేదు. 1998లో జీవ్ సురాస్కీ, ఆండీ గుట్‌మన్స్ దానిని తిరగరాసి మూడవ రూపంగా తెచ్చారు. హెచ్.టి.ఎం.ఎల్. మాత్రమే తెలిసిన వ్యక్తి కూడా తన పుట మధ్యలో రెండు పంక్తులు చేర్చి, దానిని సర్వరులోకి ఎక్కిస్తే చాలు, ఫలితం కనిపించేది. ఈ సౌలభ్యాన్ని చాలామంది గుర్తించారు. దీనికంటే ప్రధానమైన మరొక కారణం వెబ్‌సైట్లకు స్థలం అద్దెకిచ్చే వ్యాపారంలో ఉంది.

ఒకే యంత్రంలో వందలాది ఖాతాదారులకు చోటిచ్చి, నెలకు స్వల్ప మొత్తం వసూలు చేసే సంస్థలు 1990ల చివరిలో విస్తరించాయి. వాటికి కావలసినవి రెండు: లైసెన్సు ఖర్చు ఉండకూడదు; ఒక ఖాతాదారుని ప్రోగ్రాము మరొకరి జ్ఞాపకశక్తిని మింగకూడదు. లినక్స్, అపాచీ, మైఎస్‌క్యూఎల్ మొదటి అవసరాన్ని తీర్చాయి. పి.హెచ్.పి. అపాచీ సర్వరులో అంతర్భాగంగా ఇమిడిపోయి, ఒక్కొక్క కోరికకు జవాబిచ్చి, ఆ వెంటనే అప్పటి సమాచారమంతా వదిలేసేది. ఎవరూ చూడని వెబ్‌సైటు యంత్రానికి దాదాపు భారమే కాదు. మైక్రోసాఫ్ట్ వారి ఎ.ఎస్.పి.కి విండోస్ లైసెన్సు కావాలి. జావా ఆధారిత పద్ధతులకు ఎప్పుడూ నడుస్తూ ఉండే ప్రత్యేక ప్రక్రియ కావాలి. 2004లో వచ్చిన రూబీ ఆన్ రైల్స్ రచనా సౌష్ఠవంలో మేలైనదే అయినా, ఆ అద్దె గదుల్లో దానికి చోటు దొరకడం కష్టమైంది. ఖాతాదారునికి ఏది నచ్చుతుందన్న ప్రశ్నకు ముందే, యజమాని ఏది అనుమతిస్తాడన్న ప్రశ్న తేలిపోయింది.

ఇదే సూత్రం బ్లాగు వేదికల విషయంలోనూ పనిచేసింది. 2001లో వచ్చిన మూవబుల్ టైప్ పెర్ల్‌లో రాసినది, ప్రతిష్ఠ గలది. 2003 మే 27న మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ విడుదల చేసిన వర్డ్‌ప్రెస్, ఆదరణ కోల్పోయిన బి2 అనే ప్రోగ్రాముకు కొనసాగింపు మాత్రమే. 2004 మేలో మూవబుల్ టైప్ కొత్త రూపం, ఉచితంగా వాడుకునేవారికి రచయితల సంఖ్యపై, బ్లాగుల సంఖ్యపై పరిమితి విధించింది. అసంతృప్తి చెందినవారిలో చాలామంది వర్డ్‌ప్రెస్ వైపు మళ్లారు. దాని జి.పి.ఎల్. లైసెన్సు అటువంటి షరతులకు తావివ్వదు. ఆ నెలలోనే వచ్చిన ప్లగిన్ల వ్యవస్థ, 2005లో వచ్చిన థీముల వ్యవస్థ బయటివారిని కూడా నిర్మాణంలో భాగస్వాములను చేశాయి.

తెలుగుకు సంబంధించిన ఉదాహరణ వికీపీడియాది. 2001లో పెర్ల్ ప్రోగ్రాముతో మొదలైన వికీపీడియా, మాగ్నస్ మాన్స్కే రాసిన పి.హెచ్.పి. ప్రోగ్రాముకు 2002 జనవరిలో మారింది. లీ డేనియల్ క్రాకర్ తిరగరాసిన అనంతర రూపమే మీడియావికీ. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియా దీనిపైనే నిలిచింది. తెరపై కనిపించే సందేశాలు ప్రోగ్రాము నుంచి విడిగా ఉండడం వల్ల, ప్రోగ్రామింగుతో పరిచయం లేని ఔత్సాహికులు కూడా వాటిని తెలుగు చేయగలిగారు.

ఈ ఆదరణకు చెల్లించిన మూల్యం తక్కువది కాదు. చిరునామాలో వచ్చిన విలువలను నేరుగా చలరాశులుగా మార్చే సదుపాయం భద్రతకు ముప్పని తేలినందున 2002లో దానిని అప్రమేయంగా నిలిపివేశారు. పూర్తిగా తొలగించడానికి 2012 వరకు పట్టింది. తొందరపడి మారిస్తే అద్దె సర్వర్లలోని పాత వెబ్‌సైట్లు ఆగిపోతాయన్న భయం ప్రతి సంస్కరణకూ అడ్డుపడింది. 2004లోనే ఐదవ రూపం వచ్చినా అనేక అద్దె సంస్థలు నాలుగవదానినే కొనసాగించాయి. దీనితో విసిగిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందాలు కొన్ని కలిసి, 2008 ఫిబ్రవరి 5 తరువాత తమ కొత్త రూపాలు పాత పి.హెచ్.పి.పై నడవవని ప్రకటించాయి. వర్డ్‌ప్రెస్ మాత్రం అద్దె ఇళ్లలోని తన వాడుకరులను వదులుకోలేక, 2011 జూలై వరకు నాలుగవ రూపాన్ని అంటిపెట్టుకునే ఉంది.