డేగవేటగాండ్రు కాపాడిన డేగ

నల్లమాడ పరిసరాల బోడికొండల మీద, వేరుశనగ చేల మీద గిరికీలు కొట్టు డేగలను విద్యార్థులు చూచియే ఉందురు. ఈ సీమలో డేగకు పాత చరిత్ర ఉన్నది. చేరువలోని పెనుకొండ విజయనగర రాజుల ముఖ్య దుర్గం. 1485లో ఆ రాజ్యానికి ప్రభువైన నరసింహరాయలది సాళువ వంశం. సాళువమనగా వేటకు పెంచు డేగ. 19వ శతాబ్దంలో మద్రాసు సైన్యంలో వైద్యుడుగా ఉండిన జెర్డన్ తన పక్షిశాస్త్ర గ్రంథంలో ‘బైరి డేగ’ అను తెలుగు పేరును కూడ నమోదు చేసినాడు.

పూర్వం వేటడేగను అడవినుండియే పట్టి తెచ్చెడివారు. అట్టి వేటగాండ్రు డేగజాతికి మేలు చేయుట ఎట్లు? దీనికి జవాబు ఈ బైరి డేగ కథలోనే ఉన్నది. అయితే అది నడచినది అమెరికాలో.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత పొలాలలో డి.డి.టి. విరివిగా చల్లినారు. ఆ విషం పురుగులనుండి పిట్టలకు, పిట్టలనుండి డేగకు చేరి, మెట్టు మెట్టుకు చిక్కబడినది. దాని ప్రభావంవల్ల గ్రుడ్డు పెంకుకు చాలినంత సున్నం అందలేదు. పొదుగు తల్లి బరువుకే గ్రుడ్లు పగిలినవి. పాత గ్రుడ్ల పెంకులతో పోల్చి ఈ సంగతిని 1967లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు రాట్‌క్లిఫ్ వెల్లడించినాడు. అప్పటికే తూర్పు అమెరికాలో బైరి డేగ గూళ్లు శూన్యమైనవి.

1970లో కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు టామ్ కేడ్ పెరిగ్రిన్ ఫండ్ అను సంస్థను నెలకొల్పినాడు. ఆయన స్వయంగా డేగవేట ప్రియుడు. తోటి వేటగాండ్రు తమ పెంపుడు డేగలను పిల్లలు పెట్టించుటకు ఇచ్చినారు. పిల్లలను విడుచుటకు వారి పాత ఉపాయమే అక్కరకు వచ్చినది. ఎత్తయిన చోట పెట్టెలో పిల్లలనుంచి, మనిషి కంటబడకుండ మేత వేసి, రెక్కలు ముదిరిన పిదప తలుపు తీయుదురు. స్వయంగా వేటాడు వరకు మేత ఆపరు. ఉత్తర అమెరికాలో 1975లో లెక్కకు వచ్చిన జంటలు 324. 1999 నాటికి కనీసం 1,650.

అయితే 1972లో డి.డి.టి. వాడకాన్ని అమెరికా నిషేధించియుండనిచో ఈ శ్రమయంతా చిల్లికుండలో పోసిన నీరే అయ్యెడిది. విద్య పక్షిని పెంచగలదు. బ్రతుకదగిన పొలాన్ని సమాజమే ఇయ్యవలెను.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం డేగలను పట్టుటను నిషేధించినది. సేద్యంలో డి.డి.టి.ని 1989లో మాన్పించినారు. నేడు డేగపై మక్కువగలవారు దానిని ముంజేతిపై మోయనక్కరలేదు. చేనిలో మందు చల్లునపుడు ఆకాశం వైపు ఒక్కసారి చూచిన చాలును.