లక్షకి తక్కువైతే

రిపోర్టు ఫోన్‌కి పీడీఎఫ్‌గా వచ్చింది. ఈ.కోలై, మిల్లీలీటరుకి 20,000. కింద చిన్న అక్షరాల్లో, లక్షకి తక్కువ కాబట్టి లెక్కలోకి రాదు అని. డాక్టరుగారు ఆ ఒక్క లైనూ చూసి, "ఇన్ఫెక్షన్ ఏం లేదమ్మా, స్ట్రెస్ తగ్గించుకోండి" అన్నారు. అప్పటికి మూడ్రోజులుగా గంటకి నాలుగుసార్లు బాత్‌రూమ్‌కి పరిగెడుతున్నాను. వెళ్తే నాలుగు చుక్కలు, ఆ నాలుగింటికీ ప్రాణం పోయేంత మంట. అమ్మేమో ఫోన్లో, "వేడి చేసిందే. రాత్రుళ్ళు ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటే చెయ్యదా? బార్లీ కాచుకుని తాగు" అంది. ఐదో రోజు రాత్రి, రెండు దుప్పట్లు కప్పుకున్నా ఆగని వణుకు, జ్వరం, నడుం పక్కన పోటు. వ్యవహారం కిడ్నీ దాకా వెళ్ళిపోయింది.

సెలైన్ బాటిల్ కింద పడుకుని ఉండగా నన్ను పట్టుకున్న ప్రశ్న ఒక్కటే: అసలు ఈ లక్ష ఎక్కణ్ణుంచి వచ్చింది? మా పన్లో ఇలాంటివాటిని మ్యాజిక్ నంబర్లు అంటాం. ఎవరో ఎప్పుడో కోడ్‌లో పెట్టి వెళ్ళిపోతారు. ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తుండదు, ముట్టుకోడానికి మాత్రం అందరికీ భయం.

దీన్ని పెట్టినాయన పేరు ఎడ్వర్డ్ కాస్. 1950ల్లో అమెరికాలో, బోస్టన్‌లో డాక్టరు. అప్పట్లో ఆడవాళ్ళ మూత్రం పరీక్షించాలంటే రబ్బరు గొట్టం పెట్టి తీసేవాళ్ళు, ఎందుకంటే మామూలుగా పడితే చర్మం మీది బాక్టీరియా కూడా అందులో కలుస్తుంది. కానీ ఆ గొట్టమే లోపలికి ఇన్ఫెక్షన్‌ని మోసుకెళ్ళేది. కాస్ ఏం చేశాడంటే, శుభ్రం చేసుకుని మధ్యధార పట్టి, బాక్టీరియాని లెక్కపెట్టించాడు. చర్మం నుంచి కలిసినవైతే కొన్ని వేలు దాటవు, లోపల పెరుగుతున్నవైతే లక్ష దాటతాయి. పైకి ఏ బాధా లేకుండానే మూత్రంలో బాక్టీరియా ఉన్నవాళ్ళని, ముఖ్యంగా గర్భిణులని, గొట్టం పెట్టకుండా గుర్తుపట్టడం ఆయన ఉద్దేశం. (గర్భంతో ఉన్నప్పుడు మంట లేకపోయినా బాక్టీరియా ఉంటే మందు వాడాలని ఇవాళ్టికీ చెప్పడం ఆ పని ఫలితమే.) ఒక రకంగా ఆ లక్ష ఆడవాళ్ళ మీద దయతో పుట్టిన అంకె. నేను ఆయన్ని తిట్టుకుందామని వెతకడం మొదలుపెట్టాను, కుదర్లేదు.

గొడవంతా తర్వాత జరిగింది. బాధ లేనివాళ్ళ కోసం పెట్టిన కొలతని, మంటతో గిలగిల్లాడుతూ వచ్చినవాళ్ళకీ వాడేశారు. లక్ష రాకపోతే ఇన్ఫెక్షన్ లేనట్టే. మరి ఈ మంటేమిటి అంటే దానికో పేరు పెట్టారు, యురెత్రల్ సిండ్రోమ్ అని. కారణం తెలీదు అనడానికి గౌరవప్రదమైన పద్ధతి అది. కొందరు మనసులోనే ఉంది జబ్బన్నారు.

1982లో సియాటిల్‌లో వాల్టర్ స్టామ్ బృందం, మంటతో వచ్చిన ఆడవాళ్ళ మూత్రాశయం నుంచే నేరుగా నమూనాలు తీసి చూసింది. లోపల నిజంగా ఈ తరహా బాక్టీరియా ఉన్నవాళ్ళలో దాదాపు సగంమందినే లక్ష అనే గీత పట్టుకుంది. మిగతా సగం నాలాంటివాళ్ళు. బాధ ఉన్నప్పుడు మిల్లీలీటరుకి వంద ఉన్నా లెక్కచెయ్యాలని వాళ్ళు తేల్చారు. లక్ష ఎక్కడ, వంద ఎక్కడ! నేను పుట్టకముందే వచ్చిన ఈ బగ్ ఫిక్స్ నా రిపోర్టు ప్రింటయిన ల్యాబ్‌కి ఇంకా చేరలేదు.

ఈ బాధ ఎంత పాతదంటే, సుశ్రుతసంహితలో మూత్రకృచ్ఛ్రానికి విడిగా అధ్యాయమే ఉంది. కాళ్ళకి గుచ్చుకునే పల్లేరుకాయలు ఆయుర్వేదంలో దీనికి మందు. ఈ.కోలైని మాత్రం 1885లో థియోడర్ ఎషెరిఖ్ పసిపిల్లల మలంలో చూశాడు. మన పేగుల్లో కాపురముండే ప్రాణే. ఆడవాళ్ళకి మూత్రనాళం నాలుగు సెంటీమీటర్లే కాబట్టి దానికి ప్రయాణం సులువు. మలవిసర్జన తర్వాత ముందు నుంచి వెనక్కి కడుక్కోమనడం అందుకే.

మందుల కథలో మనవాడొకాయన తగుల్తాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన లెడర్లే పరిశోధకులు 1945లో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేశారు. మనకది తిండిలోంచి వస్తుంది, బాక్టీరియా సొంతంగా వండుకోవాలి. ఆ వంటని రెండుచోట్ల ఆపే జంటమందు కోట్రైమాక్సజోల్ 1960ల చివర్లో వచ్చి, ఈ జబ్బుకి చాలాకాలం రాజ్యమేలింది. మనం చీటికీ మాటికీ మింగి దాన్ని చాలాచోట్ల మొద్దుబార్చేశాం. అందుకే ఇప్పుడు నైట్రోఫ్యురాంటాయిన్ లాంటి 1950ల నాటి పాతమందే మళ్ళీ ముందుకొచ్చింది. అదీ మూత్రాశయం వరకే. నాలాగా జ్వరం, నడుం పోటు, వాంతులు వచ్చాయంటే అది పనిచెయ్యదు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాల్సిందే.

నీళ్ళ సంగతి చెప్పకపోతే అమ్మ ఊరుకోదు. 2018లో అచ్చయిన ఒక అధ్యయనంలో, తరచూ ఈ ఇన్ఫెక్షన్ వచ్చే, నీళ్ళు తక్కువ తాగే 140 మందిలో సగంమందిని రోజూ మరో లీటరున్నర తాగమన్నారు. ఏడాదిలో వాళ్ళకి సగటున 1.7 సార్లు వస్తే, మామూలుగా తాగినవాళ్ళకి 3.2 సార్లు వచ్చింది. డబ్బులు పెట్టింది నీళ్ళసీసాలమ్మే డానోన్ కంపెనీ అన్నది గుర్తుంచుకునే చదివాను. అయినా నమ్మాననుకోండి.

ఇదంతా అమ్మకి చెప్తే, "నే చెప్పిందీ అదేగా" అంది. మరి నువ్వెందుకు ఇంట్లోంచి కదిలే ముందు గుక్కెడు నీళ్ళు కూడా తాగవు అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "మా బళ్ళో ఆడపిల్లలకి దొడ్డి ఉండేది కాదే. పొద్దున్న తాగితే సాయంత్రం ఇంటికొచ్చేదాకా బిగబట్టుకోవాలి. అలా అలవాటైపోయింది" అంది.