ఎనిమిదో నెల బిడ్డ ఊపిరి

ఏడో నెలలో పుడితే బతుకుతారు, ఎనిమిదిలో పుడితే బతకరు అనే మాట మన ఇళ్లలో అమ్మమ్మల నాటి నుంచీ ఉంది. సంఘం సమావేశంలో గర్భిణుల మాటొస్తే ఇప్పటికీ ఎవరో ఒకరు అంటారు. అది నిజం కాదు. కడుపులో గడిచే ఒక్కో వారం బిడ్డ ఊపిరితిత్తులకు బలమే. కానీ ఆ భయం ఊరికే పుట్టలేదు.

1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనడీకి అయిదున్నర వారాల ముందే కొడుకు పుట్టాడు. బరువు రెండు కిలోల పైనే. అంత పెద్ద డాక్టర్లున్నా 39 గంటలకే ఊపిరాడక చనిపోయాడు. కారణం మాత్రం అప్పటికే తెలుసు. ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలితిత్తులకు లోపల నురగలాంటి పొర ఒకటుంటుంది. నెలలు నిండని బిడ్డకు అది చాలదు. ఊపిరి వదిలినప్పుడల్లా, తడిసిన పాలిథిన్ కవరులా తిత్తులు అతుక్కుపోతాయి. 1959లో ఈ సంగతి బయటపెట్టిన ఇద్దరిలో ఒకరు మేరీ ఎలెన్ ఏవరీ అనే డాక్టరమ్మ. తెలిసింది గానీ, చేతిలో మందు లేదు.

1971లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డాక్టర్ గ్రెగరీ, తిత్తులు మూసుకోకుండా బిడ్డకు ఎడతెగకుండా గాలి ఒత్తిడి అందించాడు. 20 మందిలో 16 మంది బతికారు. దీన్నే సీప్యాప్ అంటారు. ఇందులో ఒక రకానికి గొట్టం చివర నీళ్లలో ముంచి ఉంచుతారు. ఎంత లోతు ముంచితే అంత ఒత్తిడి. పిల్లల వార్డులో బుడబుడమని వినిపించే చప్పుడు అదే. విని కంగారు పడనక్కర్లేదు.

అంతకన్నా పెద్ద మేలు గొర్రెల వల్ల జరిగింది! న్యూజిలాండ్‌లో డాక్టర్ లిగిన్స్ చూడి గొర్రెల మీద పరిశోధిస్తుంటే, స్టెరాయిడ్ మందు అందిన గొర్రెపిల్లలు బాగా ముందే పుట్టినా ఊపిరి తీశాయి. 1972లో ఆయన, డాక్టర్ హౌవీ కలిసి 282 మంది తల్లుల మీద జరిపిన పరీక్ష ఫలితం ప్రకటించారు. కాన్పుకు ముందు సూది వేసిన తల్లుల బిడ్డల్లో ఊపిరి జబ్బూ తగ్గింది, చావులూ తగ్గాయి. ఖరీదైన మందేమీ కాదు. అయినా అమెరికాలో పెద్ద డాక్టర్లు కూర్చుని అందరికీ వెయ్యమని చెప్పేసరికి 1994 వచ్చింది. ఇరవై రెండేళ్లు! ఆ మధ్యలో పోయిన పసివాళ్లను తలుచుకుంటే మాకు కోపమే వస్తుంది.

మన దేశంలో 2014లో కేంద్ర ఆరోగ్యశాఖ, 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులొస్తే పెద్దాసుపత్రికి పంపే ముందే ఏఎన్ఎం కూడా మొదటి డెక్సామెథాసోన్ సూది వేయొచ్చని రాసిచ్చింది. పన్నెండు గంటలకొకటి చొప్పున మొత్తం నాలుగు. సూది వెయ్యాలా వద్దా అన్నది వారాల లెక్కను బట్టే. ఆ లెక్క మొదలయ్యేది కార్డు మీద రాయించుకున్న చివరి నెలసరి తేదీతో.