పాల లెక్క

మనోవ్యాధికి మందు లేదని మనవాళ్ళ సామెత. మా నాయనమ్మకైతే అది ఊతపదం. మా అత్తయ్య గోడవైపు తిరిగి మంచం మీద పడుకున్నప్పుడల్లా ఆ మాటే అని, కొంగుతో కళ్ళొత్తుకుని పనిలో పడేది.

చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంట్లోనే ఉండిపోయిన మనిషి మా అత్తయ్య. ఆవిణ్ణి తలుచుకుంటే నాకు ఇద్దరు కనిపిస్తారు. ఒకావిడ రాత్రి రెండింటికి లేచి జంతికలు వండేది. వీధిలో పోయేవాళ్ళందరినీ పిలిచి కాఫీలిచ్చేది. అప్పుచేసి అందరికీ చీరలు కొనేది. మూడు రాత్రులు కన్నుమూయకపోయినా అలసట ఎరగదు. రెండో ఆవిడ తల దువ్వుకోదు, స్నానానికి లేవదు, కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ ఉంటుంది. మొదటావిణ్ణి దుబారా మనిషి అనీ, రెండో ఆవిణ్ణి బద్ధకస్తురాలనీ అనేవాళ్ళు. ఇద్దరిదీ ఒకటే జబ్బని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు.

ఈమధ్య ఓ నవల కోసం వైద్యచరిత్ర తిరగేశాక, మావాళ్ళను తప్పుపట్టి లాభం లేదనిపించింది. మహామహులే అక్కడ తడబడ్డారు మరి! ఒంట్లో నల్లపిత్తం ఎక్కువైతే దిగులు పుడుతుందని పూర్వం గ్రీకు వైద్యులు నమ్మేవారు. క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో అరెటియస్ అనే వైద్యుడు, దిగులూ ఉన్మాదమూ ఒకే మనిషిలో రావచ్చని రాశాడు. అయినా ఆ తరవాత చాలాకాలం రెంటినీ రెండు జబ్బులుగానే చూశారు.

అసలు తగువు 1854లో పారిస్‌లో వచ్చింది. అక్కడి సాల్పెట్రియేర్ ఆడవాళ్ళ ఆస్పత్రి. అందులో పనిచేసే ఫాల్రే, బయార్జే అనే ఇద్దరు వైద్యులు దాదాపు ఒకేసారి ఒకే సంగతి కనిపెట్టారు. పొంగిపోవడమూ కుంగిపోవడమూ రెండు జబ్బులు కావు, ఒకటే జబ్బుకు రెండు ముఖాలు అని. ఫాల్రే దాన్ని చక్రంలా తిరిగే ఉన్మాదం అన్నాడు, బయార్జే రెండు రూపాల ఉన్మాదం అన్నాడు. ముందు చెప్పింది నేనంటే నేనని ఇద్దరూ దెబ్బలాడుకున్నారు. వాళ్ళ పేర్లు చరిత్రలో నిలిచాయి. ఎవర్ని చూసి వాళ్ళు ఈ సంగతి నేర్చుకున్నారో, ఆ ఆడవాళ్ళ పేర్లు మాత్రం ఎవరికీ గుర్తులేవు.

ఆ తరవాత జర్మనీలో ఎమిల్ క్రెపెలిన్ అనే ఆయన బయల్దేరాడు. ఒక్కో రోగికి ఒక్కో కార్డు పెట్టి, జబ్బు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు తగ్గింది, మళ్ళీ ఎప్పుడు తిరగబెట్టింది అని ఏళ్ళ తరబడి రాసుకున్నాడు. ఇవాళ ఎలా ఉన్నారన్నదొక్కటే ఆయనకు చాలదు, నిరుడెలా ఉన్నారో, ముందటేడు ఎలా ఉన్నారో కావాలి. 1899లో వచ్చిన తన పాఠ్యగ్రంథం కొత్త కూర్పులో దీనికి మానిక్ డిప్రెసివ్ అని పేరుపెట్టాడు. ఈ జబ్బు వచ్చిపోతూ ఉంటుందనీ, మధ్యలో మనిషి మామూలుగా తేరుకుంటారనీ చెప్పాడు. 1980లో అమెరికా సైకియాట్రిస్టుల సంఘం తన జబ్బుల పట్టికలో దాన్ని బైపోలార్ అంది.

మందు సంగతి మరీ విచిత్రం. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు, ఆస్పత్రిలో వాడకుండా వదిలేసిన ఓ చిన్న వంటసామాన్ల గదిలో గినీ పందుల మీద ప్రయోగాలు చేశాడు. లిథియం అనే లవణం రోగులకిచ్చే ముందు తనే మింగి చూశాడు. ఉద్రేకంతో ఊగిపోతున్న పదిమందికి ఇస్తే నెమ్మదించారు. ఆ సంగతి 1949లో ప్రకటించాడు. అయితే ఆ లవణం మోతాదు మించితే విషం. అందుకే ఇప్పుడు అది వాడేవాళ్ళకు రక్తపరీక్షలు చేస్తూ ఉంటారు. ఏమైనా, మా నాయనమ్మ సామెత చెప్పే నాటికే మందు వచ్చి చాలాకాలమైందన్నమాట!

మరి మందుండీ ఆలస్యమెందుకు? బైపోలారా, ఉట్టి డిప్రెషనా అని తేల్చడానికి ఈనాటికీ రక్తపరీక్షగానీ ఎక్స్‌రేగానీ లేదు. థైరాయిడ్ లాంటివి కావని చూసుకోవడానికే పరీక్షలు. మిగతాదంతా అడిగి తెలుసుకోవలసిందే. పైగా పొంగిపోయిన రోజుల్లో ఎవరూ డాక్టరు దగ్గరికి పోరు, నాకేం జబ్బని ఎదురడుగుతారు. కుంగినప్పుడే పోతారు. డాక్టరుకు సగం కథే కనిపిస్తుంది. ఉట్టి డిప్రెషన్ అనుకుని ఆ మాత్రలొక్కటే ఇస్తే, కొందరిలో రెండో వైపుకి ఎగదోసే ప్రమాదం ఉంది.

1992లో మా అత్తయ్యను పట్నంలో డాక్టరుకు చూపించారు. "బాగా హుషారుగా, నిద్రే అక్కర్లేనట్టు ఉన్న రోజులేమైనా ఉన్నాయా?" అని ఆయన అడిగాడు. "అబ్బే, అలాంటివేం లేవండీ," అన్నారు మా నాన్న. గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మ మాత్రం మెల్లిగా, "పాల లెక్క చూస్తే తెలుస్తుందండీ," అంది.

మరుసటిసారి మూడేళ్ళ క్యాలెండర్లు చుట్టచుట్టి పట్టుకెళ్ళింది. మామూలుగా లీటరున్నర. అత్తయ్య కాఫీల రోజుల్లో మూడు లీటర్లు. పడక రోజుల్లో లీటరు. పక్కన సన్నటి పెన్సిలు అక్షరాలు: "వదినగారికి నిద్ర లేదు", "వదినగారు లేవలేదు". డాక్టరుగారు ఆ కాగితాలన్నీ బల్ల మీద పరిచి చాలాసేపు చూశారట. మా అమ్మ క్రెపెలిన్ పేరైనా వినలేదు.

లిథియం మొదలుపెట్టారు. అంతా మాయమైపోయిందని చెప్పను. మరో రెండుసార్లు తిరగబెట్టింది. కానీ దుబారా మనిషి, బద్ధకస్తురాలు అన్న మాటలు మాత్రం మా ఇంట్లో ఆగిపోయాయి. ఆవిడకు మందు ఎంత మేలు చేసిందో ఆ మాటలు ఆగిపోవడమూ అంత మేలు చేసిందని నా నమ్మకం.

మీ ఇంట్లోనూ నిద్ర, తిండి, ఖర్చు, మాట అన్నీ ఒక్కసారిగా మారిపోయే మనిషి ఉంటే, తిట్టేముందు తారీఖు రాసిపెట్టుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం పట్టుకెళ్ళండి.

ఓ పండక్కి వెళ్ళినప్పుడు మా అత్తయ్య జంతికల డబ్బా నా చేతిలో పెట్టి నవ్వింది. "భయపడకే అమ్మడూ, ఇవి పగలు వండినవే!"