కొలిమిలో పుట్టిన బ్లాక్ డైమండ్

డేగలు నిటారు కొండచరియల్లో గూళ్లు కడతాయి. ఇవాన్ షూనార్డ్ కొండల బాట పట్టింది ఆ గూళ్ల కోసమే. దక్షిణ కాలిఫోర్నియాలో వేటడేగలు పెంచేవారి సంఘంలో చేరిన ఆ కుర్రాడు పద్నాలుగేళ్లకే తాడు పట్టుకుని చరియల మీదుగా దిగడం నేర్చాడు. దిగడం నేర్చాక ఎక్కడం మీద మనసు పడింది.

అప్పట్లో రాతి పగుళ్లలో కొట్టే పిటాన్లనే మేకులు యూరప్ నుంచి వచ్చేవి. మెత్తని ఇనుము కావడంతో కొట్టినవి కొట్టినచోటే వదిలేయాల్సి వచ్చేది. యోసెమిటీ లోయలోని గోడలు ఎక్కాలంటే రోజులు పట్టేవి, మేకులు వందల్లో కావాల్సి వచ్చేవి. స్విట్జర్లాండ్ నుంచి వలస వచ్చిన జాన్ సలాతే అనే కమ్మరి, పాత ఫోర్డు కార్ల ఇరుసుల ఉక్కుతో మళ్లీ మళ్లీ వాడుకోదగ్గ మేకులు చేసుకుని దారి చూపాడు.

ఆ దారినే షూనార్డ్ 1957లో పాత సామాను కొట్టులో ఒక బొగ్గుల కొలిమి కొన్నాడు. 138 పౌండ్ల దాగలి, పటకార్లు, సుత్తులు సమకూర్చుకుని కమ్మరిపని సొంతంగా నేర్చాడు. తొలి మేకులు పంటకోత యంత్రపు పాత బ్లేడు నుంచి సాగగొట్టినవే. గంటకు రెండు తయారయ్యేవి. యూరప్ మేకు 20 సెంట్లయితే ఇతనిది డాలరున్నర. అయినా అడిగేవాళ్లు పెరిగారు. తాడు తగిలించే కరాబైనర్ కొక్కేల అచ్చు కోసం అమ్మానాన్నల దగ్గర 825 డాలర్ల 35 సెంట్లు అప్పు తీసుకున్నాడు. 1964లో వేసిన ఒంటి కాగితం ధరల పట్టికలో, మే నుంచి నవంబరు దాకా సరుకు త్వరగా అందుతుందని ఆశపడొద్దని రాశాడు. ఆ నెలల్లో యజమాని కొండల మీద ఉంటాడు మరి!

1965లో విమాన ఇంజనీరు టామ్ ఫ్రాస్ట్ భాగస్వామిగా చేరాడు. 1970 నాటికి షూనార్డ్ ఎక్విప్‌మెంట్ కొండ ఎక్కే లోహ సామగ్రిలో అమెరికాకే పెద్ద కంపెనీ అయింది. వ్యాపారంలో డెబ్బై శాతం మేకులదే.

చిక్కూ వాటితోనే వచ్చింది. గట్టి మేకును కొట్టి పీకిన ప్రతిసారీ పగులు కాస్త పెద్దదయ్యేది. యోసెమిటీలోని ఎల్ కాపిటాన్ గోడ మీద ఆ గాయాలు చూశాక భాగస్వాములిద్దరూ తమకు తిండి పెట్టే సరుకునే తగ్గించుకోవాలని నిశ్చయించారు. 1972 కేటలాగులో పర్వతారోహకుడు డగ్ రాబిన్సన్ రాసిన 14 పేజీల వ్యాసం, సుత్తి అక్కర్లేని చాక్‌లనే అల్యూమినియం ముక్కల వాడకాన్ని వివరించింది. సన్నబడే పగులులో చేత్తో ఇరికిస్తే బరువు పడేకొద్దీ బిగుస్తాయి. వెనక వచ్చేవాడు తీసేసుకోవచ్చు, రాయి చెక్కుచెదరదు. కొన్ని నెలల్లోనే మేకుల అమ్మకం పడిపోయింది, చాక్‌లు చేసినవి చేసినట్టే అమ్ముడుపోయాయి.

రాతికి జవాబుదారీ అయిన కంపెనీకి కోర్టులు మాత్రం కొరుకుడు పడలేదు. 1980లలో వరసగా దావాలు పడ్డాయి. వేసినవారిలో కిటికీలు తుడిచే మనిషి, ప్లంబరు, కంపెనీ తాడుతో తాడులాట ఆడి చీలమండ విరగ్గొట్టుకున్న మనిషి కూడా ఉన్నారు. వస్తువు విరిగిందని కాదు, ప్రమాదం గురించి సరిగా హెచ్చరించలేదని వాళ్ల ఆరోపణ. 1989లో షూనార్డ్ ఎక్విప్‌మెంట్ దివాలా రక్షణ కోరింది. పీటర్ మెట్‌కాఫ్ నాయకత్వంలో ఉద్యోగులే ఆస్తులు కొనుక్కుని, అదే ఏడాది డిసెంబరులో బ్లాక్ డైమండ్ పేరుతో కొత్త కంపెనీ పెట్టారు. 1991లో సాల్ట్ లేక్ సిటీకి మార్చారు.

స్టాపర్, హెక్సెంట్రిక్ అనే నాటి చాక్‌లు పాత పేర్లతోనే కొత్త కంపెనీకి దక్కాయి. చాక్ పట్టని చోట్ల కోసం మేకులూ మిగిలాయి, కంపెనీ వాటి మీద బతకడం లేదంతే.