అల్యూమినియం కాంపోజిట్ల అరుగుదల

అల్యూమినియం కాంపోజిట్ అనగా అల్యూమినియంలో సిలికాన్ కార్బైడ్, అల్యూమినా వంటి గట్టి సిరామిక్ రేణువులను గాని, పోగులను గాని కలిపి తయారుచేసిన పదార్థం. అల్యూమినియం తేలికైనదే గాని మెత్తనిది. ఒరిపిడికి త్వరగా అరుగుతుంది. ఈ కలయిక ఆ లోపాన్ని చాలావరకు సవరిస్తుంది. 1980వ దశకం తొలినాళ్లలో జపానుకు చెందిన టయోటా సంస్థ డీజిల్ ఇంజను పిస్టన్లలో ఎక్కువగా అరిగే రింగు గాడిని సిరామిక్ పోగులతో బలపరచింది.

ఉపరితలంపైని రేణువులు భారాన్ని మోసి, చుట్టూ ఉన్న మెత్తని లోహాన్ని కాపాడతాయి. అయితే భారం హద్దు మీరినచో అవి పగులుతాయి లేదా ఊడిపోతాయి. అప్పుడు అరుగుదల ఒక్కసారిగా పెరుగుతుంది. ఊడిన రేణువులు మధ్యలో చిక్కుకొని రెండు తలాలనూ గీస్తాయి. ఊడకున్నను, ఎదుటనున్న ఉక్కు భాగాన్ని అరగదీయగలవు. కనుక జంటగా ఒరుసుకొనే రెండు భాగాల అరుగుదలనూ కలిపి లెక్కించవలెను.