ఎకరం: ఒక మాట, రెండు లెక్కలు

బాబా షర్ఫుద్దీన్ దర్గా ఉన్న కొండ వల్లనే పహాడీ షరీఫ్‌కు ఆ పేరు వచ్చింది. పహాడీ అంటే ఉర్దూలో కొండ. అక్కడి పొలానికి ఆధారమైన కాగితం పేరు పహాణీ. అదీ మనకు నిజాం కాలం నుంచి వచ్చిన మాటే. ఆ కాగితంలో రాసే కొలత మాత్రం ఇంగ్లీషుది. 2008 మార్చిలో ఆ చేరువనే ప్రారంభమైన శంషాబాద్ విమానాశ్రయం విస్తీర్ణాన్ని అందరూ 5,495 ఎకరాలనే చెబుతారు.

పాత ఇంగ్లీషులో ఈ మాటకు అర్థం పొలం, అంతే. లాటిన్ 'అగర్', సంస్కృత 'అజ్ర' దీనికి చుట్టాలు. తరువాత అది జోడెడ్లు ఒక రోజులో దున్నగలిగిన నేలకు పేరయింది. చివరకు 22 గజాల వెడల్పు, 220 గజాల పొడవుగా, అంటే 4,840 చదరపు గజాలుగా స్థిరపడింది. మనవాళ్ళూ నేలను పనితోనో గింజతోనో కొలిచినవారే: పుట్టెడు విత్తనం పట్టేది పుట్టెడు నేల. కాకతీయుల కాలపు శాసనాలలో మర్తురు అనే కొలత కనిపిస్తుంది. అవన్నీ మరుగున పడ్డాయి. వచ్చిన పరాయి మాట అరెకరం, ఎకరన్నర అంటూ తెలుగు సంధులలో ఒదిగిపోయింది.

ఎకరం ఒకటే అయినా దాన్ని పంచుకోవటంలో మాత్రం మనం ఏకం కాలేదు. ఎడ్మండ్ గుంటర్ 17వ శతాబ్దిలో రూపొందించిన గొలుసు పొడవు 66 అడుగులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మద్రాసు రాజధానిలో ఎకరాన్ని నూరు భాగాలు చేసి సెంటు అన్నారు. బొంబాయి సర్వేవారు 33 అడుగుల గొలుసు పట్టారు. దాని చదరం 121 గజాలు, అదే గుంట. నలభై గుంటలు ఒక ఎకరం. నిజాం రాజ్యం బొంబాయి పద్ధతినే అనుసరించింది.

1956లో ఈ రెండు లెక్కలూ ఒకే రాష్ట్రం కిందికి వచ్చాయి. ఆ ఏడాదే మెట్రిక్ కొలతల చట్టమూ వచ్చింది. హెక్టారు కాగితాలకు ఎక్కింది గాని రైతు నోటికి ఎక్కలేదు. 2014లో రాష్ట్రం విడిపోయినా లెక్కల తేడా అలాగే ఉంది.

ఈ తేడా ఎంతదో ఒక అంకెతో చూద్దాం. పహాణీలో 2.20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే సరిగ్గా రెండున్నర ఎకరాలు. సెంట్లకు అలవాటుపడిన గుంటూరు మనిషి దానినే రెండెకరాల ఇరవై సెంట్లని చదువుతాడు. మొదటిది 12,100 గజాలు, రెండవది 10,648. మధ్యలో జారిపోయేది 1,452 గజాలు. విమానాశ్రయం వచ్చాక గజాల లెక్కన బేరమాడే చోట ఇది చిన్న సంగతి కాదు. చదువురాని రైతు అమ్మేవాడైనప్పుడు, ఆ చుక్క తరువాతి అంకెను ఎవరు ఎలా చదివి వినిపిస్తున్నారన్నదే అతని పిల్లల వాటాను తేలుస్తుంది.

అందుకే ఆ ప్రాంతపు పాత కాగితం ఏది చేతికొచ్చినా, ఎన్ని ఎకరాలని అడిగేముందు గుంటలా, సెంట్లా అని అడగటం మంచిది.